పదకొండు గంటల రీడింగు

పోయిన గురువారం పొద్దున్నే మా అల్వాల్ ఇంటికి ఇంటర్నెట్ వాళ్ల మెకానిక్ వచ్చాడు. ముందురోజు సాయంత్రం గాలివానకు కరెంటు పోయి, తిరిగి వచ్చిన క్షణంలోనే మోడెం టప్పుమని పేలింది. కాలిన ప్లాస్టిక్ వాసన హాలంతా నిండింది. ఏడాదిలో అది మూడో మోడెం. అతను సాకెట్లో టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాడు, మీటరు దగ్గరికి వెళ్లి చూశాడు, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"మోడెంది తప్పు గాదు మేడం. మీ కరెంటే ఖరాబున్నది. న్యూట్రల్ లూజున్నట్టుంది. ఎర్తింగ్ అయితే నామ్ కే వాస్తే, ఉత్త పేరుకే."

"మరి ఏం చెయ్యమంటావు?"

"గుంత తీసి మంచిగ ఎర్తింగ్ చేపియ్యాలె. గంత పరేషాన్ ఎందుకనుకుంటే, బయట నీళ్ల నల్ల పైపుంది గదా, దానికో వైరు కట్టేస్త. ఐదు నిమిషాల పని. శానమంది గట్లనే చేస్తరు."

నేను అతణ్ణి వెళ్లిపొమ్మన్నాను. గేటు దగ్గర ఆగి, "నేనేమన్న తప్పు మాట్లాడిన్నా మేడం?" అని అడిగాడు. నేను గేటు గడియ పెట్టేశాను. శనివారం ఇంకొక ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, పెరట్లో గుంత తీయించి, రాగి పలక పెట్టించి, బొగ్గూ ఉప్పూ వేయించాను. మెయిన్ దగ్గర కొత్త బ్రేకర్ పెట్టించాను. మోడెంకి చిన్న యూపీఎస్ కొన్నాను. పనివాళ్లు వెళ్లాక ఇనప బీరువా తెరిచి, డైరీలన్నిటి కిందా ఉన్న పొడుగాటి నోటుపుస్తకం బయటికి తీశాను.

పంతొమ్మిదో ఏటి నుంచీ డైరీ రాస్తున్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రాశాను, రిటైరయ్యాకా రాస్తున్నాను. ఆ వరసలో మొట్టమొదటిది మాత్రం డైరీ కాదు, కరెంటు రిజిస్టరు. ఖాకీ అట్ట వేసి, స్కేలు పెట్టి గడులు గీసి నాన్న నాకిచ్చిన పుస్తకం. తేదీ, గంట, మీటరు సూది, చూసినవారు అని నాలుగు గడులు. నాలుగో గడి అక్కర్లేదు, ఎందుకంటే చూసేది ఎప్పుడూ నేనే. అయినా నాన్న గీశారు. పని చేసిన మనిషి పేరు పని పక్కన ఉండాలనేది ఆయన పద్ధతి.

అప్పుడు మేము బన్సీలాల్‌పేట్‌లో ఉండేవాళ్లం. నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి, మిషన్ హైస్కూల్లో భౌతికశాస్త్రం ల్యాబులో అసిస్టెంటుగా చేరారు. పేరు శామ్యూలు. స్కూల్లో టీచర్లతో పాటు ఆయన్నీ అందరూ సార్ అనే పిలిచేవారు. ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒక మేకు, ప్రతి మేకు పక్కనా పెన్సిలుతో రాసిన పేరు: కత్తెర, గొడుగు, టార్చి. పొద్దున ఐదున్నరకు కీర్తన, ప్రార్థన, తర్వాత స్పిరిట్ స్టవ్ మీద గిన్నెలో అమ్మ సూది మరగడం. గాజు సిరంజి మరిగే చప్పుడూ, స్పిరిట్ ఘాటూ, పక్కనే కాచిన పాల వాసనా కలిసి ఉంటేనే నాకు తెల్లవారినట్టు అనిపించేది. అమ్మకు చక్కెర జబ్బు. రోజూ రెండు పూటలా ఇన్సులిన్ సూది పడాలి. సూది నాన్నే వేసేవారు. వేసేముందు అమ్మ చెయ్యి ఒక్క క్షణం తన అరచేతిలో పెట్టుకునేవారు, వేడి చూస్తున్నట్టు.

ఆ మందు సీసాలు చల్లగా ఉండాలి. మా రేకుల కప్పు ఇంట్లో ఏప్రిల్, మే నెలల్లో గోడలు కూడా కాలేవి. అందుకని బొల్లారం నుంచి బదిలీ అయి వెళ్తున్న ఒక మిలిటరీ ఆఫీసరు దగ్గర నాన్న పాత ఫ్రిజ్ కొన్నారు. మా గల్లీలో అదొక్కటే ఫ్రిజ్. నలుగురు మనుషులు దాన్ని లోపలికి మోసుకొస్తుంటే ఇరుగు పొరుగు అంతా వాకిళ్లలో నిలబడి చూశారు.

ఫ్రిజ్ వచ్చాకే మాకు మా కరెంటు సంగతి తెలిసింది. మా ఇల్లు లైను చివర. దీపాలు పెట్టే వేళకు బల్బులో తీగ ఎర్రగా కనిపించేదే తప్ప వెలుగు ఉండేది కాదు. కరెంటు దిగితే ఫ్రిజ్ మోటారు మూలిగి, టక్కుమని ఆగి, మళ్లీ మూలిగేది. నాన్న ఒక బూస్టరు తెచ్చారు. అది మడతమంచం కింద పట్టేంత ఇనప పెట్టె. ముందు భాగంలో వోల్టులు చూపే ఒక సూది, ఒక పెద్ద నాబ్. సూది దిగితే నాబ్ పైకి తిప్పాలి, ఎక్కితే వెంటనే కిందికి తిప్పాలి. ఇప్పటి స్టెబిలైజర్లు తమంతట తాము చేసుకునే పని అది. అప్పుడు దానికో మనిషి కావాలి. తిప్పడం మరిచిపోతే, పైకి తిప్పి ఉన్న సమయంలో కరెంటు ఒక్కసారిగా వస్తే, మోటారు కాలిపోతుంది. ఆ మనిషిని నేను. కాలేజీ లేని సమయమంతా బూస్టరు పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేదాన్ని. వేడెక్కిన వార్నిష్ వాసన, సన్నని రొద. గంట గంటకూ సూది ఎక్కడుందో రిజిస్టర్లో రాయాలి. ఆ లెక్కలు కరెంటాఫీసుకు చూపిస్తే వాళ్లు కదులుతారని నాన్న నమ్మకం. మూడుసార్లు పట్టుకెళ్లారు. మూడోసారి అక్కడి గుమాస్తా పేజీలు తిరగేసి, "అమ్మాయి దస్తూరి బాగుందండీ," అన్నాడట.

అందరికంటే ఎక్కువగా మా ఇంటికి వచ్చిపోయే మనిషి యాదగిరి. పక్క గల్లీలో ఉండి, కుళాయిలూ పైపులూ బాగుచేసే నల్లల పనివాడు. ముప్పై ఏళ్లుంటాయి. భుజాన పాత గోనె జోలె, అందులో పైపు రెంచీలు, జనపనార. ఆ జోలె చప్పుడుతో అతను వస్తున్నట్టు తెలిసేది. నన్ను చెల్లె అనేవాడు. మంచుగడ్డ కోసం వచ్చి గడప దగ్గర నిలబడేవాడు.

"అమ్మా, జెర గడ్డ ఉంటే ఇయ్యరాదే, మా అమ్మకు తల తిరుగుతుందంట."

"నిన్నా మీ అమ్మకే అన్నావు. నువ్వే నములుతూ పోయావని చూసినవాళ్లు చెప్పారు," అనేది అమ్మ.

"తొవ్వల కరిగిపోతుంటే ఏం జేస్త అమ్మా? పారబొయ్యనీకి పానం ఒప్పలే." ఫ్రిజ్ వైపు చూసి నవ్వేవాడు. "మీ ఇంట్ల బీరువ సల్లగుంటది, మా ఇంట్ల పొయ్యి సల్లగుంటది. ఏం జమానా అమ్మా ఇది!"

అమ్మ నవ్వి, గడ్డతో పాటు గిన్నెలో కూర కూడా పెట్టి ఇచ్చేది.

ఆ మే నెలలో బూస్టరు సూదికి పిచ్చెక్కింది. నూట నలభైకి దిగేది, నేను నాబ్ తిప్పేలోగా రెండువందల డెబ్భై దాటేది. స్తంభం మీద న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, వదులైందని నాన్న చూడగానే చెప్పారు. కరెంటాఫీసు నుంచి ఎవరూ రాలేదు. ఒక వారమంతా ఫ్రిజ్ ఆపేసే ఉంచాం. సీసాలో మందు తేటగా ఉండాల్సింది, తెల్లటి పొరలు తేలాయి. అది పాడైందని మాకు అర్థమయ్యేలోపు అమ్మ రెండు రోజులు ఆ మందే వేయించుకుంది. మూడోరోజు వంటింట్లో పడిపోయింది. ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంది. డాక్టరు నాన్నతో, "ఇంకోసారి ఇట్లా అయితే నా చేతిలో ఉండదు," అన్నాడు.

అమ్మను ఇంటికి తెచ్చిన సాయంత్రమే నాన్న వైరు చుట్ట తీశారు. వదులైన న్యూట్రల్‌ను వదిలేసి, ఫ్రిజ్ నుంచి తిరిగి వెళ్లాల్సిన కరెంటును వాకిట్లోని ఇనప నల్లా పైపు ద్వారా భూమిలోకి పంపించడం ఆ ఉపాయం. గల్లీలో మరో రెండు ఇళ్లలో రేడియోల కోసం అలాగే చేసుకున్నారు. వాళ్లను అంతకుముందు నాన్నే మందలించారు. పైపు భూమిలో ఉన్నంతవరకు ఫరవాలేదు, ఎవరైనా దాన్ని విప్పితే, విప్పిన రెండు కొసల మధ్యా ఆ మనిషే వైరు అవుతాడు. ఇది ల్యాబులో పిల్లలకు బల్ల మీద చూపించి చెప్పే మనిషి మా నాన్న. ఆయన మల్లెపందిరి వెనక, నేలకు జానెడు ఎత్తున, పైపు మీద తుప్పును ఆకురాయితో గీకి, తెల్లగా మెరిసేదాకా రుద్ది, అక్కడ క్లిప్పు బిగించారు. తర్వాత నన్ను కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పారు.

"నల్లా మీద ఎవరు చెయ్యి వేసినా ముందు ఫ్రిజ్ స్విచ్ తీసెయ్యాలి. నీళ్లు పట్టుకోవడానికి కాదు, విప్పే పని ఉంటే. ఈ సంగతి బయట ఎవరికీ చెప్పకు, రూతూ. తెలిస్తే కరెంటు కోసేస్తారు. అమ్మ మందు మళ్లీ పాడవుతుంది."

మొదటి మాట ఒక్కటే చెప్పి ఉంటే సరిపోయేదని నేను చాలా ఏళ్లు అనుకున్నాను.

ఆ తర్వాత సూది కదల్లేదు. రెండువందల పద్దెనిమిది, రెండువందల ఇరవై, మళ్లీ రెండువందల పద్దెనిమిది. రిజిస్టర్లో ఆ పేజీలు చూస్తే ఇప్పటికీ ముచ్చటగానే ఉంటాయి. అమ్మ ముఖంలోకి రక్తం వచ్చింది. సేమ్యా పాయసం చేసి ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగా గిన్నెల్లో పోసి గల్లీలో పంచింది. యాదగిరి రెండు గిన్నెలు తాగి, "ఇగ మీ బీరువ మంచిగైందా అమ్మా? మూల్గుడు బందైంది," అన్నాడు. అమ్మ తల ఊపింది. నేను ఖాళీ గిన్నెలు లోపలికి తీసుకెళ్లాను.

జూన్‌లో స్కూళ్లు తెరిచారు, వానలు మాత్రం రాలేదు. వాకిట్లో నల్లా కారడం మొదలైంది. నాన్న యాదగిరికి చెప్తే, సోమవారం సాయంత్రం వచ్చి చేస్తానన్నాడు. సాయంత్రం అంటే నాన్న ఇంట్లో ఉంటారు. సోమవారం నాన్న స్కూలుకు వెళ్లారు, నాకింకా కాలేజీ తెరవలేదు, అమ్మ పొద్దుటి సూది వేయించుకుని, తిని, లోపల పడుకుంది. నేను పీట మీద కూర్చుని ఉన్నాను. గోడగడియారం పదకొండు కొట్టడానికి సిద్ధమవుతూ గరగరమంది. అప్పుడు వాకిట్లో జోలె దిగిన చప్పుడు.

"చెల్లె! మారేడుపల్లి పని జల్ది అయిపాయె. నల్ల ఇప్పుతున్న."

"ఉండన్నా, ఒక్క నిమిషం!"

"నిమిషమెందుకు? నీళ్లు పొద్దుగాలనే బందైనయ్ గదా."

ఆ నిమిషం ఎందుకో నేను అతనికి చెప్పలేదు. చెప్పకూడదని నాన్న అన్నారు. స్విచ్ నాకు ఆరడుగుల దూరంలో గోడ మీద ఉంది. గడియారం పదకొండు కొడుతోంది. గంట కొట్టేటప్పుడు సూది చూసి రాయడం ఎంత అలవాటైపోయిందంటే, కలం అప్పటికే నా చేతిలో ఉంది. ముందు రాసేసి లేద్దామనుకున్నాను. 11 అని వేసి, పక్కన 219 అని రాశాను. బయట రెంచీ పైపు మీద రెండుసార్లు కీచుమంది. నేను తలెత్తేసరికి సూది పడిపోయింది. సున్నా దగ్గర వణుకుతోంది. కరెంటు దిగిందనుకున్నాను. సూది దిగితే ఏం చెయ్యాలో నా చేతికి తెలుసు. నాబ్ పట్టుకుని పైకి తిప్పాను. ఒక మెట్టు, రెండు మెట్లు. సూది లేవలేదు. మూడో మెట్టుకు బయట రెంచీ చప్పుడు లేదని గమనించాను.

నాబ్ తిప్పడం వల్ల జరిగింది మారదని, అప్పటికే ఆ మనిషి మీద నిండు కరెంటు ఉందని నాన్న తర్వాత నాకు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. నేను నమ్మాను. కానీ స్విచ్ తియ్యాల్సిన చెయ్యి ఆ కాసేపూ నాబ్ మీద ఉంది. దానికి ఏ బొమ్మా లేదు.

నాన్నకు కబురు వెళ్లి, ఆయన వచ్చేసరికి వాకిలి నిండా జనం. యాదగిరిని మోసుకెళ్లి ఆసుపత్రిలో చూపిస్తే, ప్రాణం ఎప్పుడో పోయిందన్నారట, తిరిగి తీసుకొచ్చేశారు. ఆ సందడిలో నాన్న మల్లెపందిరి వెనక్కి వెళ్లి క్లిప్పు విప్పి, వైరు చుట్టి, చొక్కా లోపల పెట్టుకున్నారు. నేను చూశాను. మధ్యాహ్నం పంచనామాకు వచ్చిన పోలీసాయన స్తంభం చూశాడు, వదులైన తీగలు చూశాడు, తడి నేల చూశాడు. అతనికి తొందరగా ఉంది.

"ఏందీ సార్, మందు గిట్ల తాగొచ్చిండా?"

నాన్న జవాబు చెప్పలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తాగలేదని ఒక్క మాట అంటే, మరి ఎలా పోయాడనే ప్రశ్న వస్తుంది. పోలీసాయన ఆ మౌనాన్ని తనకు కావలసినట్టు రాసుకున్నాడు, తాగిన మత్తులో వదులు తీగ పట్టుకున్నాడని. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. నేనూ ఏమీ అనలేదు. సాయంత్రానికి గల్లీ అంతా అదే మాట: పొద్దున్నే తాగి పనికొచ్చాడట.

యాదగిరి సీసా ముట్టే మనిషి కాదు.

రాత్రి ప్రార్థనను నాన్న సగంలో ఆపేసి లేచి వెళ్లారు. అమ్మ మిగిలిన ప్రార్థన ముగించింది. ఆమెకు మేము చెప్పలేదు, ఆమె మమ్మల్ని అడగలేదు. మర్నాడు లేచేసరికి ఫ్రిజ్ ఖాళీ. అమ్మ ఒక కొత్త కుండలో ఇసుక పోసి, తడిపి, దాని మధ్య చిన్న ముంతలో మందు సీసాలు పెట్టి, పైన తడిగుడ్డ కప్పింది. బతికున్న మరో పదకొండేళ్లూ ఆమె మందు ఆ కుండలోనే ఉంది, ఎన్నడూ పాడవలేదు. అది అంత తేలికైన పని. చదువుకున్న వాళ్లం, మీటరు ఉన్న వాళ్లం. కుండ సంగతి మాకెవరికీ తోచలేదు.

నాన్న మిషన్ పెద్దలతో మాట్లాడి, యాదగిరి భార్య సత్తెమ్మకు స్కూల్లో ఆయా పని ఇప్పించారు. ఎంత మంచి మనసు సార్‌ది అన్నారు అందరూ. ఆయన గుడికి వెళ్లడం మానలేదు గాని, ఆ జూన్ తర్వాత ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లలేదు. రొట్టె, ద్రాక్షారసం పంచే ఆదివారాల్లో అందరూ వరసగా లేచి ముందుకు వెళ్తుంటే, ఆయన ఆఖరి బెంచీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. పాస్టరుగారు అడిగితే మోకాళ్ల నొప్పులన్నారు. ఆ మోకాళ్లతోనే రోజూ స్కూలుకు నడిచి వెళ్లేవారు. ఇరవై ఏళ్లు అలాగే కూర్చున్నారు. సహోదరుడికి నీ మీద ఏదైనా ఉంటే ముందు వెళ్లి అతనితో సమాధానపడి రమ్మనే మాట ఆయనకు కంఠస్థం. ఆ వెళ్లడం ఒక్కటే ఆయన వల్ల కాలేదు.

ఇప్పుడు నా మెయిన్ దగ్గర పెట్టించిన బ్రేకర్ అరచేతిలో పడుతుంది. కరెంటు వెళ్లకూడని దారిలో, ఒక మనిషి ఒంట్లోంచి, రవ్వంత కారినా అది రెప్పపాటులో తెంపేస్తుందట. ఎలక్ట్రీషియన్ దాని మీదున్న చిన్న మీట నొక్కి చూపించాడు, ఠక్కున పడింది. నేను మళ్లీ మళ్లీ నొక్కించాను. పాడవుతుంది మేడం అన్నాడు. ఒక మోడెం కోసం ఇంటికి ఇన్ని కాపలాలు పెట్టుకున్నాను. అప్పుడు ఆ కాపలా పని ఒక మాట చెయ్యగలిగేది: ముట్టుకోకన్నా, కరెంటుంది. నాలుగు పదాలైనా లేవు.

నాన్న పోయిన తర్వాత, సమాధి పని అయిన మూడోరోజు, నేను సత్తెమ్మ ఇంటికి వెళ్లాను. అప్పటికి నాకు నలభై. ఆమె వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను గోడ పక్కన నిలబడే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పైపు, వైరు, పదకొండు గంటలు, నా చెయ్యి. ఆమె చేట కింద పెట్టలేదు.

"నాకెర్కనే రూతమ్మా," అంది.

"ఎలా తెలుసు?" అన్నాను.

"ఆయన జోలె తీస్కపోదామని తెల్లారి వచ్చిన గదా. మీ నల్ల పైపంత తుప్పు, పందిరి ఎనక ఒక్కకాడ ఉంగరం లెక్క తెల్లగ మెరుస్తుండె. నల్లల పనోని పెండ్లాన్ని. గాడ ఏం కట్టిండ్రో నాకు తెల్వదా?"

"మరి ఒక్కసారైనా అడగలేదేం?"

"నేనెందుకడుగుత? మీరు చెప్తరని చూసిన. మీ నాయిన బడిల దినాం నా ముంగట్నుంచే పోయెటోడు. గియ్యాల చెప్తడు, గియ్యాల చెప్తడు అని దినాం చూసిన. నమస్తే సత్తెమ్మా అనెటోడు, పోయెటోడు." ఆమె బియ్యంలోంచి ఒక రాయి తీసి పక్కన పడేసింది. "మనిషెట్లగూ రాడు. గని తాగి సచ్చిండన్నరు సూడు, గా మాట ఉండిపాయె. నా పోరలను బళ్లె తాగుబోతోని పోరలన్నరు. నేను చెప్తే మొగని మీద పేమతోని, పావురంతోని అంటుందన్నరు. సార్ చెప్తే నమ్ముదురు. ఆయన చెప్పకపాయె. నువ్వు సుత చెప్పకపోతివి."

నేను క్షమించమని అడగబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు చెప్పుడు ఎందుకు, నాకు తెల్సిందే గదా. లోపల మా అత్త ఉన్నది. కొడుకు తాగి సచ్చిండని ఇరవై ఏండ్ల సంది తలకాయ కొట్టుకుంటది. ఆమెకు చెప్పు. గట్టిగ చెప్పాలె, ఇనరాదు."

లోపల చీకటిగా ఉంది. యాదగిరి తల్లి నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. సత్తెమ్మ ఆమెను లేపి కూర్చోబెట్టింది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఆమె చెవి దగ్గర చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి, "ఎవలు?" అంది. గొంతు పెంచి మళ్లీ చెప్పాను. ఆమెకు వైరు అనే మాట అందలేదు. మూడోసారి అరిచాను. మా నాన్న పైపుకు కరెంటు కట్టారని, నేను స్విచ్ తియ్యలేదని, మీ కొడుకు తప్పేమీ లేదని. పక్కిళ్ల వాళ్లు వాకిట్లోకి వచ్చి నిలబడటం, ఎవరో "ఏమైందే సత్తెమ్మా?" అనడం వినిపించింది. సత్తెమ్మ తలుపు పూర్తిగా తెరిచి పెట్టింది.

ముసలామె నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"తాగలేదా?"

"తాగలేదమ్మా."

"మల్ల చెప్పు," అంది.